మిర్రర్స్ ఎడ్జ్ రిఫండ్ పెట్టేయనా అని అడిగిన ఒంగోలు తమ్ముడికి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. సేల్‌లో చవగ్గా వస్తోందని 2008 నాటి మిర్రర్స్ ఎడ్జ్ అనే, మిద్దెల మీద పరిగెత్తే వీడియో గేమ్ కొన్నావు, గంటన్నర ఆడావు, రెండో చాప్టర్‌లో ఆ డ్రైనేజీ హాల్లో ఒకే గోడ దగ్గర ఇరవై సార్లు కింద పడి చచ్చావు, తల తిప్పింది, అద్దాలు పగిలినప్పుడల్లా ల్యాప్‌టాప్ నత్తలా పాకింది, పోలీసులు ఎదురైతే నాలుగు తూటాలకే కథ అయిపోయింది. ఇప్పుడేమో "జనం పాత గేమ్ అని ఊరికే పొగుడుతున్నారా, రిఫండ్ పెట్టేసి దీని తర్వాత వచ్చిన కెటలిస్ట్ కొనుక్కోనా" అంటున్నావు.

ఆగు. స్టీమ్‌లో, అదే నువ్వు గేమ్ కొన్న ఆన్‌లైన్ షాపులో, కొన్న 14 రోజుల్లోపు, ఆడిన టైమ్ 2 గంటలు దాటకుండా ఉంటేనే డబ్బులు వెనక్కి వస్తాయి. అంటే నీకింకా అరగంట ఉంది. ఇది మొత్తం చదివేదాకా గేమ్ తెరవకు, ఎందుకంటే మెనూలో ఊరికే కూర్చున్నా ఆ మీటర్ తిరుగుతూనే ఉంటుంది, ఆటో మీటర్ లాగే.

నాకేం తెలుసని అడుగుతావేమో. నెల్లూరులో పద్నాలుగేళ్లుగా కంప్యూటర్లు, ల్యాప్‌టాప్‌లు రిపేరు చేస్తున్నాను, ఈ గేమ్‌ని మొదటి నుంచి చివరి దాకా ఎన్నిసార్లు ఆడానో లెక్క పెట్టడం మానేశాను, కానీ మొదటిసారి నేనూ నీలాగే తిట్టుకుంటూ వదిలేశాను. 2009లో నేను ఇంజనీరింగ్ చదివేటప్పుడు వీఆర్సీ సెంటర్ దగ్గర సందులో ఒక నెట్ సెంటర్ ఉండేది, గంటకు ఇరవై రూపాయలు, ఎనిమిది సిస్టమ్స్, అందులో ఏడింట్లో కౌంటర్ స్ట్రైకూ వైస్ సిటీనూ, మూలనున్న ఎనిమిదో దాంట్లో ఎవడో ఈ గేమ్ ఎక్కించాడు. ఎక్కడి నుంచి తెచ్చాడో అడక్కు, ఆ రోజులు అట్టాంటివి. తెరంతా తెల్లగా మెరిసిపోతుంటే ఏందిది ఇంత బాగుంది అని కూర్చున్నా. మనకు అప్పటికి తెలిసిన విద్య ఒకటే, పోలీసు కనపడితే తుపాకీ లాక్కుని కాల్చడం. కాలిస్తే పది గుండ్లకే తుపాకీ ఖాళీ, రీలోడ్ చేద్దామంటే మీటే లేదు, ఈలోపు మిగతా వాళ్లు నన్ను జల్లెడ చేసేశారు. పైగా ఆ కీబోర్డులో స్పేస్ బార్ ఒక పక్క నొక్కితేనే పనిచేసేది. రెండు రోజులు నలభై నలభై ఎనభై రూపాయలు తగలేసి, ఇదేం దిక్కుమాలిన షూటింగ్ గేమ్ రా అని లేచొచ్చేశా.

మళ్లీ దాని జోలికి పోయింది 2020 లాక్‌డౌన్‌లో. షాపు మూత, ఇంట్లో పాత డెస్క్‌టాప్, చేతిలో పని లేదు. అప్పుడు తెలిసింది, నేను దాన్ని ఆడిందే తప్పు పద్ధతిలో అని. నువ్వు కూడా ఇప్పుడు అదే చేస్తున్నావు. ఈ గేమ్‌లో మొదటిసారి ఆడేదంతా దారి నేర్చుకోవడమే తమ్ముడూ, అసలు ఆట రెండోసారి మొదలవుతుంది. మొదటిసారికి సుమారు ఆరు గంటలు పడుతుంది, రెండోసారికి అందులో సగం చాలు, ఆ సగంలో వచ్చే మజా మొదటి ఆరు గంటల్లో ఎక్కడా దొరకదు. ఇది ముందే తెలిస్తే ఇరవై సార్లు పడి చచ్చినా అంత మంట ఉండదు.

సరే, ముందు నీ మెషిన్ సంగతి చూద్దాం, ఎందుకంటే నీ కోపంలో సగం గేమ్ మీద కాదు, ల్యాప్‌టాప్ మీద.

అద్దం పగిలినప్పుడు నత్తలా పాకడానికి కారణం ఫిజ్‌ఎక్స్ అనే సెట్టింగ్. కన్సోళ్లలో 2008 నవంబరులో వచ్చిన గేమ్ పీసీకి 2009 జనవరిలో వచ్చింది, వస్తూ వస్తూ ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డులున్న వాళ్ల కోసమని అద్దం ముక్కలు ముక్కలుగా రాలడం, గుడ్డలు గాలికి ఊగి చిరగడం, పొగ కదలడం లాంటివి అదనంగా తెచ్చింది. సరైన ఎన్విడియా కార్డు లేకపోతే ఆ లెక్కలన్నీ ప్రాసెసర్ నెత్తిన పడతాయి, అదీ ఆ పాత కోడ్ దాన్ని సరిగ్గా వాడుకోలేదు, అందుకే ఐ7 ప్రాసెసర్ ఉన్నవాడికి కూడా సెకనుకు పది ఫ్రేములకు పడిపోతుంది. వీడియో సెట్టింగ్స్‌లోకి పోయి ఫిజ్‌ఎక్స్ ఆపేయి. అప్పటికీ ఇబ్బందిగా ఉంటే గేమ్ ఫోల్డర్‌లో బైనరీస్ అనే దాంట్లో ఫిజ్‌ఎక్స్ పేరుతో ఉన్న పాత ఫైళ్లను వేరే చోటికి జరిపి, ఎన్విడియా వాళ్ల ఫిజ్‌ఎక్స్ సాఫ్ట్‌వేర్ విడిగా వేసుకో. జరపమన్నాను, డిలీట్ చేయమనలేదు, తేడా వస్తే మళ్లీ తెచ్చి పెట్టుకోవచ్చు. ఆ మధ్య ఒకాయన కొత్త 50 సిరీస్ కార్డు కొనుక్కుని "ఇంత డబ్బు పోసినా పాత గేమ్ నత్తలా నడుస్తోంది సార్" అని షాపుకొచ్చాడు. 2025లో ఆ సిరీస్ వచ్చినప్పుడు 32 బిట్ ఫిజ్‌ఎక్స్‌కి సపోర్టు తీసేశారు, ఈ గేమేమో 32 బిట్ (ఆ ఏడాది చివర్లో డ్రైవర్ అప్‌డేట్‌తో ఈ గేమ్‌కి మళ్లీ ఇచ్చారులే). ఆయన కార్డుకు ఏ రోగమూ లేదు, ఒక టిక్కు తీసేస్తే సరిపోయింది. ఛార్జీ తీసుకోలేదులే.

రెండోది, ఇది ఎవరూ చెప్పరు, ఎడమ షిఫ్ట్ మీట. ఈ గేమ్‌లో వంగడానికీ జారడానికీ దొర్లడానికీ అదే. విండోస్‌లో షిఫ్ట్‌ని వరసగా ఐదుసార్లు నొక్కితే స్టిక్కీ కీస్ అని ఒక డబ్బా పైకొస్తుంది, గేమ్ కిందికి పోతుంది, నువ్వు గాల్లో ఉన్నప్పుడు జరిగితే మరీ ఒళ్లు మండుతుంది. విండోస్ సెట్టింగ్స్‌లో ఆ షార్ట్‌కట్ ఆపేయి. మూడోది కీబోర్డు. మూడు వందల రూపాయల కీబోర్డుల్లో ఒకేసారి మూడు నాలుగు మీటలు నొక్కితే ఒకటి అందదు. ముందుకూ పక్కకూ పరిగెత్తుతూ స్పేస్ కొట్టి గాల్లోనే షిఫ్ట్ నొక్కాలంటే నాలుగు వేళ్లు ఒకేసారి పనిచేయాలి, నువ్వు నొక్కావు, అది వినలేదు, అమ్మాయి కింద పడింది. "నేను కరెక్టుగానే నొక్కాను అన్నా" అని రాశావు చూడు, నిజమే అయ్యుండొచ్చు. నోట్‌ప్యాడ్ తెరిచి ఆ అక్షరాలు కలిపి పట్టుకుని చూడు, ఏది రావడం లేదో తెలిసిపోతుంది. ఒక మీట మార్చుకుంటే సరి, లేదా కంట్రోలర్ ఉంటే అది ఇంకా మేలు.

తల తిరగడం గురించి. ఈ గేమ్‌లో కెమెరా మనిషి తలకాయకు కట్టినట్టే ఉంటుంది, దొర్లితే లోకం దొర్లుతుంది. తెర మధ్యలో చిన్న చుక్క ఒకటి ఉంది చూశావా, తుపాకీ గురి కోసమని అనుకున్నావేమో, కంటికి ఒక ఆసరా ఉంటే తల తిరగడం తగ్గుతుందని తయారీదారులే పెట్టారు దాన్ని. సెట్టింగ్స్‌లో ఆపేసే వీలుంది, నువ్వు మాత్రం ఆపకు. బస్సులో వాంతులయ్యేవాళ్లను కిటికీలోంచి దూరంగా చూడమంటాం గదా, ఇదీ అంతే, గెంతేటప్పుడు కాళ్ల కిందికి చూడకుండా దిగబోయే చోటు మీదే చుక్క పెట్టుకో. చూపు కోణం ఇరుకనిపిస్తే అభిమానులు చేసిన మిర్రర్స్ ఎడ్జ్ ట్వీక్స్ అనే చిన్న టూల్ ఉంది, అందులో పెంచుకోవచ్చు. ఫ్రేములు మాత్రం అరవై దగ్గర ఉంచేయి, వంద దాటించాలని కక్కుర్తి పడకు, ఈ ఇంజన్ దాన్ని అనుకుని కట్టింది కాదు.

ఇక అసలు విషయం.

ఇందులో పరుగుకు వేరే మీట లేదు, గమనించావా. డబ్ల్యూ పట్టుకుని ఉంటే ఫెయిత్, అదే మనం ఆడించే అమ్మాయి, మొదట నడకలాంటి పరుగుతో మొదలుపెట్టి మెల్లగా ఊపందుకుంటుంది. అడుగుల చప్పుడు దగ్గర దగ్గరవుతుంది, ఊపిరి వినపడుతుంది, చెవుల పక్కన గాలి హోరు మొదలవుతుంది, తెర అంచులు కొంచెం మసకబారతాయి, ఆ మసక వచ్చిందంటే పూర్తి వేగం అందుకుందని గుర్తు. దేనికైనా గుద్దుకున్నా, ఎత్తు నుంచి సరిగ్గా దిగకపోయినా, వెనక్కి తిరిగి చూసినా ఆ ఊపంతా పోయి మళ్లీ సున్నా నుంచి మొదలు. మొత్తం గేమ్ ఈ ఒక్క దాని మీద నిలబడి ఉంది, కూడబెట్టిన ఊపును పోగొట్టుకోకుండా తర్వాతి మిద్దె దాకా మోసుకుపోవడం. తూటాలూ హెలికాప్టరూ పోలీసులూ అన్నీ నిన్ను ఆపించడానికే ఉన్నాయి.

మన రొట్టెల పండగ రోజుల్లో నెల్లూరు దర్గామిట్ట వైపు బండి మీద పోయావా ఎప్పుడైనా? మెయిన్ రోడ్డు మీద కాలు కింద పెట్టకుండా ఒక్క గజం కదలదు. అదే ఆ ఊరి పిల్లోడు ఉంటాడు చూడు, ముందు నాలుగో బండి దగ్గర సందు పడబోతోందని వాడికి ముందే తెలుసు, బ్రేకు కొట్టడు, గేరు మార్చడు, సందుల్లో పడి మనం ఇంకా సిగ్నల్ దగ్గర ఉండగానే చెరువు గట్టు మీద తేలతాడు. వాడికి బండి స్పీడు ఎక్కువేం కాదు, ఆగడం తక్కువ. ఈ గేమ్‌లో నేర్చుకునేది అచ్చం అదే, కళ్లు చేతుల కంటే ఒక మిద్దె ముందుండాలి.

ఒక ఉదాహరణ దగ్గర నుంచి చెప్తా, చేతులతో సహా. మిద్దె మీద పరిగెత్తుతున్నావు, ముందు ఇనుప కంచె, దాని ముందు నడుమెత్తు ఏసీ డబ్బా, కంచె అవతల రెండంతస్తుల కింద ఇంకో మిద్దె. కొత్తవాడు కంచెను గుద్దుకుని, స్పేస్ కొట్టి, చేతులతో పట్టుకుని, ఎక్కి, అటు దూకి, ధబీమని పడి, తెర ఎర్రబారి, కుంటుకుంటూ లేస్తాడు, ఆరేడు సెకన్లు. తెలిసినవాడు వేగం తగ్గించకుండా ఏసీ డబ్బా వైపు పోయి సరిగ్గా దాని ముందు స్పేస్ కొడతాడు, ఫెయిత్ ఒక కాలు డబ్బా మీద ఆనించి పైకి లేస్తుంది, గాల్లో ఉండగా షిఫ్ట్ నొక్కితే మోకాళ్లు ఛాతీ దగ్గరికి ముడుచుకుంటుంది, పాదాలు కంచె పై తీగకు జానెడు పైనుంచి పోతాయి, నీకు బూట్లు కనపడతాయి కూడా, ఎర్ర బూట్లు. షిఫ్ట్ వదిలి, నేల తగిలే ముందు క్షణంలో మళ్లీ నొక్కితే భుజం మీద దొర్లి లేచి అదే వేగంతో పరుగు. రెండు సెకన్లు. నొక్కింది మూడు మీటలే. మొదటిసారి ఇది కుదిరినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను, మా ఆవిడ వంటింట్లోంచి ఏమైందని వచ్చింది, ఏమీ లేదు కంచె దాటాను అని చెప్పా. ఆమె చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

దొర్లడం ఒక్కటి చెప్తే చాలు అనుకుంటా, నీలాంటి వాళ్లు చేసే తప్పు అందరిదీ ఒకటే, తొందరగా నొక్కేస్తారు. గాల్లో తొందరగా నొక్కితే అది మోకాళ్లు ముడుచుకోవడం అవుతుంది, దొర్లడం అవదు. నేల దగ్గరపడి, ఇక తగిలేస్తుంది అనిపించినప్పుడు నొక్కు. ట్రైనింగ్‌లో సెలెస్ట్ అనే అమ్మాయి చూపిస్తుంది గదా, అది ఒక్కసారి చేసి పోకుండా పదిసార్లు చెయ్యి.

ఇక నువ్వు పడి చస్తున్న గోడ. గోడ మీద పక్కగా పరిగెత్తి, వెనక్కి తిరిగి, ఎదురు అంచు అందుకోవాల్సిన చోటు. నువ్వు మౌస్‌తో తిరుగుతున్నావని పందెం. మౌస్‌తో తిరిగితే చూపు తిరిగేలోపు కింద ఉంటావు. క్యూ మీట ఉంది, అది ఒక్క దెబ్బకు ఒళ్లు తిప్పేస్తుంది. గోడకు ఏటవాలుగా పరిగెత్తి స్పేస్ పట్టుకో, ఫెయిత్ గోడెక్కి పక్కగా పరిగెత్తుతుంది, దాదాపు పైకి చేరిందనగా క్యూ, ఆ తర్వాత స్పేస్. క్యూ నొక్కాక కంగారు పడాల్సిన పని లేదు, ఆమె గోడకు ఆనుకుని ఒక్క క్షణం ఆగుతుంది, ఆ క్షణంలో అంచు కనపడుతుంది, అప్పుడు దూకు. గోడకు ఎదురుగా నిటారుగా పోతే మాత్రం పైకి ఎక్కుతుంది, పక్కకు పరిగెత్తదు, ఆ కోణం తేడా నీకు ఇంకా చేతికి రాలేదు. ఆ డ్రైనేజీ హాల్లో తొందర లేదు, ఎవరూ కాల్చడం లేదు, పై నుంచి కిందిదాకా ఒకసారి నిలబడి చూసుకో, నాకైతే గేమ్ మొత్తంలో అంత పెద్ద ఖాళీ, అంత నిశ్శబ్దం ఇంకెక్కడా అనిపించలేదు.

కొట్లాట గురించి నువ్వు తిట్టింది నిజమే, అందులో నీతో గొడవ లేదు. కాల్చడం బాగాలేదు, తన్నడం అంతంత మాత్రం. విచిత్రం ఏందంటే దీన్ని చేసింది బ్యాటిల్‌ఫీల్డ్ చేసిన స్టాక్‌హోమ్ వాళ్లే, డైస్. షూటింగ్ చేయడం రాని వాళ్లు కాదు. ఇందులో తుపాకీ పట్టుకుంటే ఫెయిత్ బరువెక్కి నెమ్మదిస్తుంది, పెద్ద తుపాకీ అయితే గోడలు కూడా ఎక్కలేదు, అంటే కావాలనే అట్టా చేశారు. ఎవరినీ కాల్చకుండా గేమ్ పూర్తిచేస్తే ఒక అచీవ్‌మెంట్ కూడా పెట్టారు. కాబట్టి ఎక్కడైనా ముగ్గురు పోలీసులు నిలబడి ఉంటే, వాళ్ల వెనకాల తలుపో పైపో ఉందని అర్థం, వాళ్ల మధ్యలోంచి దాని దగ్గరికి పో. తప్పనిసరి అయితే ఒకడి మీదికి జారుకుంటూ పోయి కాళ్లలో తన్ను, లేదా వాడు తుపాకీతో కొట్టబోయేటప్పుడు అది ఎర్రగా మెరుస్తుంది, ఆ మెరుపులో మౌస్ కుడి బటన్ నొక్కితే లాక్కుంటుంది. మెరిసే క్షణం చిన్నది, అందుకే రియాక్షన్ టైమ్ ఇచ్చారు, కాసేపు అంతా నెమ్మదిస్తుంది, దాన్ని దాచుకోకుండా ఇలాంటప్పుడు వాడు. నాలుగో చాప్టర్‌లో రోప్‌బర్న్ అనేవాడితో ఒక తగాదా వస్తుంది, అక్కడ చితక్కొట్టాలని చూడకు, ఆ ఎరుపు కోసం ఓపిగ్గా కాచుకో, అంతే. చివరి చాప్టర్‌లో సర్వర్ల గది దగ్గర మాత్రం మెషిన్ గన్నులతో ఎక్కువమంది వస్తారు, అక్కడ పట్టింపులు పక్కనపెట్టి తుపాకీ వాడినా నేనేమీ అనను, నేనూ మొదట అట్టాగే గట్టెక్కాను.

దారి చూపించడానికి పైపులూ తలుపులూ ఎర్ర రంగులోకి మారడం గురించి అడిగావు, అది చీటింగ్ కాదా అని. కాదు. ఫెయిత్ లాంటి రన్నర్, అంటే మిద్దెల మీద పరుగే పనిగా ఉన్న మనిషి, కంటికి దారి అట్టా కనపడుతుందన్నమాట. మేం చిన్నప్పుడు నెల్లూరు మూలాపేటలో సంక్రాంతికి తెగిన గాలిపటం వెనక పరిగెత్తేటప్పుడు ఎవరింటి పిట్టగోడ చిన్నది, ఎవరింటి నిచ్చెన ఎప్పుడూ వేసే ఉంటుంది, ఏ మిద్దె మీద వడియాలు ఆరేసి ఉంటే తిట్లు పడతాయి అన్నీ కళ్లకు కట్టినట్టు ఉండేవి, కొత్తవాడికి అదే వీధి ఉత్త గోడలు. ఆ తేడానే ఎరుపుతో చూపించారు. మొదటిసారి ఉంచుకో, రెండోసారి సెట్టింగ్స్‌లో ఆపేసి ఆడు. గేమ్ పూర్తయ్యాక హార్డ్ మోడ్ వస్తుంది, అందులో అది అసలు ఉండదు. ఎరుపు లేకుండా ఆడినప్పుడు తెలిసింది నాకు, ఎరుపు చూపించేది ఒక దారేనని, దాని పక్కనే దాని కంటే దగ్గరి దారులు రెండు మూడు ఉన్నాయని. స్పీడ్‌రన్లు చేసేవాళ్లు ఆ ఎరుపు వైపు కన్నెత్తి చూడరు.

(ఒక పిడకల వేట. మా వీధిలో నేను పన్నెండేళ్లప్పుడు పక్కింటి మిద్దె మీదికి దూకి మోకాలు చీల్చుకున్నా, ఐదు కుట్లు పడ్డాయి, మా అమ్మ వేసిన దెబ్బలు లెక్కలో లేవు. ఈ గేమ్ ఆడి ఎవరైనా మిద్దెలెక్కితే నాకు సంబంధం లేదు. అసలు పార్కోర్ అనే ఈ గోడలు దాటే పరుగు విద్య నేర్చేవాళ్లు మొదట నేల మీద, నడుమెత్తు గోడల మీద నెలల తరబడి దిగడం నేర్చుకుంటారు. ఆ విద్యకు పేరు తెచ్చింది కుర్రాడిగా పారిస్ పక్కన లిస్ అనే ఊరికి చేరిన డేవిడ్ బెల్, ఆయన కుర్రాళ్ల జట్టు, దాని వేళ్లు జార్జ్ ఎబేర్ అనే ఫ్రెంచి నావికాధికారి వ్యాయామ పద్ధతిలో, సైనికుల అడ్డంకుల పరుగులో ఉన్నాయి.)

చూడ్డానికి ఎట్టా ఉందని నేను చెప్పక్కర్లేదు, నువ్వే "ఇది 2008 అంటే నమ్మలేకపోతున్నా" అని రాశావు. దానికొక కారణం ఉంది. గేమ్ నడిచింది అన్‌రియల్ ఇంజన్ 3 మీద, కానీ వెలుతురంతా బీస్ట్ అనే సాఫ్ట్‌వేర్‌తో ముందే లెక్కగట్టి గోడలకు అద్దేశారు. నారింజ రంగు గోడ పక్కన ఉన్న తెల్ల గోడను చూడు, దాని అంచుకు లేత నారింజ అంటుకుని ఉంటుంది, మధ్యాహ్నం ఎండలో మన పక్కింటోళ్లు కొత్తగా రంగేస్తే మన వరండా గోడ ఆ రంగులోకి మారుతుంది చూడు, అట్టా. అప్పటికప్పుడు లెక్క వేయాల్సిన పని లేదు కాబట్టి పాత మెషిన్లలో కూడా బాగా నడుస్తుంది. ఊరంతా తెలుపు, దాని మీద ఒక్కో చోట ఒక్కో గట్టి రంగు, చెట్లకు కూడా ఆకుపచ్చ తీసేసి తెలుపు వేశారు. సంగీతం సోలార్ ఫీల్డ్స్ పేరుతో పనిచేసే మాగ్నస్ బిర్యెర్సన్‌ది, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడు, నువ్వు ఆగితే సన్నగా ఉండేది పరుగందుకుంటే పెరుగుతుంది.

కథ గురించి రెండు ముక్కలు చాలు. ఫెయిత్ తోడబుట్టిన కేట్ పోలీసు, ఆమె మీద హత్య కేసు పడుతుంది, ఫెయిత్ నిజం తెలుసుకోవాలి. చాప్టర్ల మధ్య బొమ్మల సినిమాలా వచ్చే సీన్లు ఆటకు అతకలేదు, నేను ఇప్పుడు దాటేస్తాను.

కెటలిస్ట్ సంగతి. 2016లో వచ్చింది, ఫ్రాస్ట్‌బైట్ ఇంజన్, ఊరంతా తిరగొచ్చు, ఫెయిత్ చేతికి తుపాకీ అసలు రాదు, కొట్లాట మెరుగు. చెడ్డ గేమ్ ఏమీ కాదు. కానీ అందులో దొర్లడం, గాల్లో కాళ్లు ముడుచుకోవడం, క్యూ కొట్టి తిరగడం లాంటివి కూడా పాయింట్లు సంపాదించి తెరుచుకోవాలి. ఈత నేర్పిస్తానని చెరువులోకి దించి, చేతులు వచ్చే వారం వాడుకుందువులే అన్నట్టుంటుంది. పైగా ఊరు పెద్దది కావడంతో ఒక మిషన్ నుంచి ఇంకో మిషన్‌కు పోయేటప్పుడు అదే మిద్దెలు, అదే మూలలు. పాతదాంట్లో ప్రతి మిద్దెనూ ఎవరో కూర్చుని కొలిచి పెట్టినట్టుంటుంది, ఈ డబ్బా నుంచి ఆ పైపుకు సరిగ్గా నీ పూర్తి వేగంతో అయితేనే అందుతుంది. ఆ కొలత చేతికి తెలిసినవాడు కెటలిస్ట్‌ని ఇష్టపడతాడు, ముందు కెటలిస్ట్ ఆడినవాడు పాతదానికి రావడం నేను తక్కువ చూశా. రెండూ కొనే ఉద్దేశం ఉంటే ఇదే వరస.

టైమ్ ట్రయల్స్ అని మెయిన్ మెనూలో ఉంటాయి, వాటిని కథ అయ్యాకే ముట్టుకో. ఒక చిన్న దారి, గడియారం, మూడు నక్షత్రాలు, నీ పాత పరుగు ఎర్రటి నీడలా నీ పక్కనే పరిగెత్తుతుంది. నేను ఒక దారి మీద మూడో నక్షత్రం కోసం సెకనులో పదో వంతు తక్కువై పదకొండు రాత్రులు కూర్చున్నా, తీరా చూస్తే పోగొట్టుకుంటున్నదంతా ఒక తలుపు దగ్గర. తలుపును చేత్తో తోస్తున్నా, తన్నుకుంటూ పోవాలి. పదకొండు రాత్రులు, ఒక తలుపు.

ఇప్పుడు నీ అరగంట. ఫిజ్‌ఎక్స్ ఆపు, స్టిక్కీ కీస్ ఆపు, నోట్‌ప్యాడ్‌లో మీటలు చూసుకో, హెడ్‌ఫోన్స్ పెట్టుకో. డ్రైనేజీ వదిలేసి, చాప్టర్ సెలెక్ట్‌లోంచి మొదటిదైన ప్రోలాగ్ మళ్లీ తెరువు, హెలికాప్టర్‌కు వేలాడే దాకా. చిన్నది, నీకు దారి ఇప్పటికే తెలుసు. పోలీసుల్ని కొట్టకు, దేనికీ ఆగకు, పడితే అక్కడి నుంచే మళ్లీ. మూడుసార్లు పరిగెత్తొచ్చు ఆ టైమ్‌లో. మూడోసారి కూడా ఏమీ అనిపించకపోతే మొహమాటం లేకుండా రిఫండ్ పెట్టెయ్. అనిపిస్తే ఆ గోడ దగ్గరికి పోయి క్యూ కొట్టు, కుదిరిందో లేదో ఇక్కడ రాయి. కుదరకపోతే కీబోర్డు మోడల్ కూడా రాయి, చూద్దాం.